రెండు బొట్లు

పన్నెండు ఇరవైకి నేను కొండ కడుపులోని కరెంటు కేంద్రంలోకి దిగేసరికి, ఎస్పీ బిరాదార అప్పటికే దోషిని తేల్చేసి తీరిగ్గా టీ తాగుతున్నాడు.

“రండి మేడమ్, మీకోసమే ఆగినం,” అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే. “కేసు అయిపోయింది. రెండు గంటలకి ఆ అమ్మాయిని జీపు ఎక్కిస్తున్న. మీరు భోంచేసి పోవుడే.”

“ఇంత తొందరగా తేలిందంటే మళ్లీ బల్లి ఏమన్నా దొరికిందా?” అన్నాను.

గ్లాసు ఆయన పెదవి దగ్గరే ఆగింది. పోయినేడు ఒక సబ్‌స్టేషన్ ఆగిపోతే, ఇది విదేశీ హ్యాకర్ల పని అని ఆయన పత్రికలవాళ్లని పిలిచి మరీ చెప్పాడు. నేను వెళ్లి ప్యానెల్‌లోంచి మాడిపోయిన బల్లిని తీసి ఆయన బల్ల మీద పెట్టాను. అప్పట్నుంచీ మా ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. కరెంటు కేంద్రాల మీద దాడులు విచారించే పోలీసు విభాగం ఆయనది. తొమ్మిది జలవిద్యుత్ కేంద్రాలకి భద్రతా నియమాలు రాసి, అవి పాటించేలా చూసే పని నాది. పేరు నళినాక్షి హెబ్బార్. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని, ఇంకో పని రాదు కూడా.

ఆయన పక్కన కూర్చున్న వాదిరాజ మాత్రం నన్ను చూడగానే లేచి కుర్చీ జరిపాడు. జూన్ దాకా ఈ హొన్నెబైలు కేంద్రంలోనే రిలే ఇంజనీరు. జులైలో బిరాదార విభాగానికి సాంకేతిక సలహాదారుగా వెళ్లాడు. రిలే పని ఓనమాల నుంచీ నా దగ్గరే నేర్చుకున్నవాడు.

“మోకాలు ఎలా ఉంది మేడమ్? అన్ని మెట్లు దిగి వచ్చారా?” అన్నాడు.

“దిగడం బాగానే ఉంది. ఎక్కేటప్పుడు అడుగు,” అన్నాను.

జరిగింది ఇంతే. నిన్న ఆయుధపూజ. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి నాలుగు యంత్రాల్లో మూడోది ఉన్నట్టుండి ఆగిపోయింది. యంత్రానికి ఏ జబ్బూ లేదు. ఆపమని ఆజ్ఞ వెళ్లింది కంట్రోల్ రూం కంప్యూటర్ నుంచి, షిఫ్ట్ ఇంజనీరు ప్రేమలత దేవాడిగ పేరు మీద. తాను ఆపలేదంటుంది ప్రేమలత. ఆమె కాకపోతే ఎవరో చెప్పలేకపోతోంది.

“ఇంకో ముచ్చట,” అన్నాడు బిరాదార. “మీ నియమమే చెప్తది. కారణం తెలియకుండ యంత్రం ఆగితే, ఇరవై నాలుగు గంటల లోపల రిలేల అంకెలన్నీ తాళంలో ఉన్న పెన్ డ్రైవ్ నుంచి కొత్తగ ఎక్కించాలె. గా పని నిన్ననే చెయ్యచ్చు. ఈమె చెయ్యలె. పూజ, పీట అనుకుంట సాగదీసింది. ఎందుకు? సాక్ష్యం మాయం చేసేందుకు. రెండు పదికి గడువు అయిపోతది. వాదిరాజ ఎక్కిస్తడు, యంత్రం లేస్తది, నేను పోత.”

రిలే అంటే యంత్రానికి కాపలాదారు. ఎంత వేడెక్కితే ఆపాలో, ఎంత వణికితే ఆపాలో దానికి అంకెల్లో నేర్పి పెడతాం. ఆ అంకెలు ఎవరైనా మార్చేస్తే కాపలాదారు కళ్లు తెరుచుకునే నిద్రపోతాడు, యంత్రం ముక్కలయ్యేదాకా లేవడు. ఆ ముక్కలు ఎగిరేది ఈ కొండ లోపల, ఒక్కో షిఫ్టులో ముప్ఫై ఎనిమిది మంది పనిచేసే చోట. అందుకే అసలు అంకెలు ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టి, రెండు తాళాల ఇనప్పెట్టెలో దాస్తాం. ఆ ఇనప్పెట్టె నా ఆలోచనే. దాన్ని చూసినప్పుడల్లా నాకు కాస్త గర్వంగా కూడా ఉంటుంది.

“అమ్మాయితో మాట్లాడి వస్తాను,” అన్నాను.

“గడియారం చూస్కుంట మాట్లాడుర్రి,” అన్నాడు బిరాదార.

*

ప్రేమలతని పాత రిజిస్టర్లుండే గదిలో కూర్చోబెట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్లుంటాయి. నిన్నటి పూజ చీరే ఇంకా ఒంటిమీద ఉంది. ఏడ్చి ఏడ్చి ఆపేసిన మొహం. ఆ మొహం నాకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చన్నవీరయ్య అనే ఆపరేటర్ని ఇలాగే కుర్చీలో కూర్చోబెట్టారు. తప్పు ఆయనది కాదు, రిలేది అని తేలడానికి పదకొండు నెలలు పట్టింది. అప్పటికి ఆయన మనుషులతో మాట్లాడటం మానేశాడు. నేను ఈ దారి పట్టింది ఆయన వల్లే. ఈ అమ్మాయికి ఆ గతి పడితే నా ఇరవై ఆరేళ్లూ దండగ.

“కుర్చీలోంచి ఎప్పుడు లేచావు?” అని అడిగాను, పలకరింపులేమీ పెట్టుకోకుండా.

“రెండు ఆరుకి మేడమ్.”

“అంత కచ్చితంగా ఎలా తెలుసు?”

“రెండు గంటల రీడింగులు రాసేసి, పైవాళ్లకి ఫోన్లో చెప్పి పెట్టేసరికి రెండు ఐదు. లేచాను. ప్రసాదం తీసుకుని రెండు పన్నెండుకి వచ్చాను. అప్పటికే అలారాలు మోగుతున్నాయి.”

“కంప్యూటర్‌లోంచి నీ పేరు తీసేసి వెళ్లావా?”

తల దించుకుంది. “లేదు మేడమ్. పక్క గదే కదా, ప్రసాదం హోళిగె పట్టుకొచ్చేద్దామని వెళ్లాను. తప్పే. ఆ తప్పు మీ ముందు ఒప్పుకుంటున్నాను, ఎస్పీగారి ముందు కూడా ఒప్పుకున్నాను. కానీ యంత్రం నేను ఆపలేదు.”

“లేచినప్పుడు గదిలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. తోటి ఆపరేటరు కింద యంత్రాల దగ్గర ఉన్నాడు.”

“వెళ్లేటప్పుడుగానీ వచ్చేటప్పుడుగానీ ఎవరైనా ఎదురుపడ్డారా?”

“కొత్తవాళ్లెవరూ కనపళ్లేదు మేడమ్. ఎస్పీగారూ అదే అడిగారు, కొత్తవాళ్లు ఎవరైనా వచ్చారా అని.”

“మరి ఆ పెన్ డ్రైవ్ సంగతి? నిన్ననే ఎందుకు ఎక్కించలేదు?”

ఆమె మొదటిసారి నా కళ్లలోకి చూసింది. “అది పూజలో ఉంది మేడమ్. దుగ్గప్పన్న పీట మీద పెట్టాడు. పునఃపూజ అయ్యేదాకా పీట మీద వస్తువు ముట్టుకోకూడదు కదా. ఇవాళ ఒంటిగంటన్నరకి పీట కదిపాక, రెండు పది లోపల ఎక్కించేద్దాం అనుకున్నాం.”

నా చేతిలోని కలం ఆగిపోయింది.

“మళ్లీ చెప్పు. పెన్ డ్రైవ్ ఇనప్పెట్టెలో లేదా?”

“ఆయుధపూజ మేడమ్. పనిముట్లన్నీ పీట మీదే ఉంటాయి. ప్రతి ఏడూ అంతే. స్పానర్లు, మీటర్లు, లాప్‌టాప్‌లు, అదీను.”

రెండు తాళాలు, రెండు సంతకాలు, పైన కెమెరా. ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు ఆ డ్రైవ్‌ని దేవుడు కూడా ముట్టుకోలేడు. మిగిలిన ఆ ఒక్క రోజూ మేమే దాన్ని బయటికి తీసి, పువ్వులు పెట్టి, కుటుంబాలతో సహా లోపలికి వచ్చిన వందమంది ముందు పెడుతున్నాం. ఇన్నేళ్లుగా ఈ మాట నాకు ఒక్కరూ చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు. నేనూ ఇక్కడిదాన్నే, మా ఇంట్లో కత్తిపీటకి కూడా బొట్టు పెట్టేదాన్నే. అయినా తోచలేదు.

నా గుండె వేగం పెరిగింది. అది భయం కాదు, సంతోషమే. ముడి ఎక్కడుందో వేలికి తగిలినప్పుడు కలిగే సంతోషం.

“ఇక్కడే ఉండు. ఎవరేం అడిగినా, నేను వచ్చాక చెబుతానను,” అని లేచాను.

*

పన్నెండు యాభై రెండు. వర్క్‌షాపు తాళం ఫోర్‌మన్ దుగ్గప్ప మొలతాడుకి వేలాడుతోంది. ఈ కొండని తొలిచినప్పటి మనిషి. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. నన్ను చూడగానే మొహం అటు తిప్పుకున్నాడు.

“ఏం దుగ్గప్పా, నామీద కోపమా?”

“కోపం మాకెందుకు వస్తుందమ్మా. మీరు పెద్దవాళ్లు, కాగితం రాస్తారు, మేం చేస్తాం. దేవుడికి కూడా మీరే కాగితం రాస్తున్నారిప్పుడు.”

“నేనేం రాశాను?”

“జులైలో రాలేదా మీ కాగితం? ఎలక్ట్రానిక్ వస్తువుల మీద నేరుగా గంధం, కుంకుమ పెట్టరాదని. ముప్ఫై ఏళ్లనుంచి పెడుతున్నాను, ఏ యంత్రానికి జలుబు చేసిందో చెప్పండి?”

నవ్వు ఆపుకున్నాను. పోయినేడు ఎక్కడో ఒక లాప్‌టాప్‌లోకి గంధం పోయి పాడైంది. అందుకని రాశాను, రాసి మర్చిపోయాను కూడా.

“మరి ఈసారి ఎలా పెట్టావు?”

“కవర్లో పెట్టి, కవరు మీద బొట్టు పెట్టాను. ఏం చేస్తాం.” తలుపు తెరిచాడు. “చూసుకోండి. చేత్తో మాత్రం ముట్టుకోకండి, పునఃపూజ కాలేదు.”

గది నడుమ వెడల్పాటి పీట. ఎర్రబట్ట మీద స్పానర్లు వరసగా, కొలత మీటర్లు, చేతిదీపాలు, రెండు లాప్‌టాప్‌లు. బంతిపూలు వాడిపోయాయి. లాప్‌టాప్‌లూ మీటర్లూ పాలరంగు ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి, ఒక్కో కవరు మీద ఒక్కో బొట్టు, కింద గంధం, పైన కుంకుమ. పీట కొసన, అరటిపళ్ల పక్కన చిన్న కవరులో పెన్ డ్రైవ్.

“ఇది ఎన్నింటికి ఇక్కడికి వచ్చింది?”

“తొమ్మిదింబావుకి నేను, ప్రేమలతమ్మ చెరో తాళం తీసి తెచ్చాం. తొమ్మిదిన్నరకి పూజ. నాలుగింటి దాకా జనం వస్తూ పోతూ ఉన్నారు. నాలుగింటికి తాళం వేశాను, ఇదిగో మళ్లీ ఇప్పుడే తీయడం.”

“మధ్యలో నువ్వు ఎక్కడికీ వెళ్లలేదా?”

“భోజనాలు వడ్డించొద్దా అమ్మా? పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా అక్కడే ఉన్నాను. దేవుడి దగ్గర దొంగతనం ఎవరు చేస్తారు?”

సంచిలోంచి చిన్న పట్టకారు తీశాను. కవరు అంచు పట్టుకుని లేపాను. ముందువైపు నడిమధ్య దుగ్గప్ప పెట్టిన బొట్టు, రూపాయి బిళ్లంత. గంధం ఎండి చుట్టూ నెర్రెలిచ్చింది. ఎక్కడా చెరగలేదు. కవరు వెనక్కి తిప్పాను.

వెనక కూడా ఎరుపే. బయట కాదు, లోపల. పాలరంగు ప్లాస్టిక్ చాటునుంచి బఠాణీగింజంత ఎరుపు కనపడుతోంది.

“దుగ్గప్పా, డ్రైవ్ మీద కూడా బొట్టు పెట్టావా?”

“నేనా? మీరు వద్దన్నాక ఎందుకు పెడతాను? ఉత్త డ్రైవ్ కవర్లో పెట్టి, పైన ఒక్కటే పెట్టాను. ఒట్టు.”

కవరు నోరు కొద్దిగా తెరిచి లోపలికి చూపించాను. దుగ్గప్ప వంగి చూశాడు, కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చూశాడు. డ్రైవ్ వెనకవైపు చక్కగా ఎండిన కుంకుమ బొట్టు ఉంది. కింద గంధం లేదు.

“ఇది నా చెయ్యి కాదు,” అన్నాడు నెమ్మదిగా. “గంధం లేకుండా నేను బొట్టు పెట్టను. ఇది మన డ్రైవ్ కాదమ్మా.”

అక్కడితో నాకు అంతా అర్థమైంది. ఎవడో ముందే ఇంకో డ్రైవ్ తయారుచేసుకుని వచ్చాడు. బొట్టుతో సహా. ఎందుకంటే పోయినేటి దాకా పూజలో డ్రైవ్ మీదే బొట్టు ఉండేది, బొట్టు లేనిది పెడితే పట్టుబడిపోతాడు. తీరా వచ్చి చూస్తే ఈసారి కవరు. చుట్టూ జనం, చేతిలో అరనిమిషం. మన డ్రైవ్ తీసి, తనది లోపల పెట్టి కదిలిపోయాడు. ఆ బొట్టు తుడిచేసి ఉంటే మనకి ఏమీ తెలిసేది కాదు. కానీ పూజలో ఉన్న వస్తువు మీద బొట్టు చెరపాలంటే మావాళ్లకి చెయ్యి రాదు, దొంగకైనా సరే.

మూడో యంత్రాన్ని ఆపింది దాన్ని పాడుచెయ్యడానికి కాదు. అది ఎర. యంత్రం ఆగితే నియమం ప్రకారం మేమే డ్రైవ్ తీసి, మా చేతులతో మేమే నాలుగు రిలేలకీ విషం ఎక్కిస్తాం. ఆ పని నిన్ననే జరిగిపోవాల్సింది. జరగలేదంటే పునఃపూజ కాకుండా పీట కదపనన్న ఈ ముసలాయన వల్ల, సరే అన్న ఆ అమ్మాయి వల్ల. బిరాదార జీపు ఎక్కించబోతున్నది ఈ కేంద్రాన్ని ఒక రోజంతా కాపాడిన మనిషిని.

“ఈ కవర్ల సంగతి ఎవరెవరికి తెలుసు?”

“జులై నుంచి ఇక్కడున్న అందరికీ తెలుసు. మీ కాగితం గేటు దగ్గర కూడా అంటించాం.”

“అంతకు ముందే వెళ్లిపోయినవాళ్లకి?”

“వాళ్లకెలా తెలుస్తుంది? ఈ ఏడు వెళ్లింది ముగ్గురు. ఇద్దరు రిటైరయ్యారు, వాళ్లు పిల్లల దగ్గర మైసూరులో ఉన్నారు, రాలేదు. మూడో ఆయన వాదిరాజ.”

“వాదిరాజ నిన్న వచ్చాడా?”

“రాకుండా ఉంటాడా? కూతుర్ని కూడా తెచ్చాడు. గుమ్మడికాయ కొట్టేటప్పుడు నా పక్కనే ఉన్నాడు.”

గేటు రిజిస్టరు తెప్పించి చూశాను. కుటుంబాల కింద ఒకటే గీత, అరవై నాలుగు మంది అని. పేర్లు లేవు. ఒక ముసలాయన మాట, ఒక ఎండిన బొట్టు, నా చేతిలో ఉన్నవి ఇవే. అదీ నా శిష్యుడి మీద. వాడికి స్పానర్ పట్టుకోవడం కూడా నేనే నేర్పాను.

*

ఒంటిగంట ఇరవై ఐదుకి కంట్రోల్ రూంలో బిరాదారని పక్కకి పిలిచి చెప్పాను. వాదిరాజ పేరు తప్ప అన్నీ చెప్పాను. ఆయన ముక్కుమీద వేలేసుకున్నాడు, ఆశ్చర్యంతో కాదు, వేళాకోళంగా.

“పోయినేడు బల్లి. ఈయేడు బొట్టు. మేడమ్, నేను కోర్టుల కుంకుమ భరిణె చూపిస్తే జడ్జి నన్ను లోపలేస్తడు.”

“రిలేల్లోకి ఎక్కాక రుజువు చూపిద్దామా? ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు లోపల.”

“డ్రైవ్‌ల ఏముందో ఇక్కడే తెరిచి చూస్తే అయిపాయె కద.”

“చూసే లాప్‌టాప్‌లు కూడా నిన్నంతా ఆ పీట మీదే ఉన్నాయి. వాటిని నమ్మలేను. నమ్మకమైనది బెంగళూరు నుంచి రావాలి, ఏడు గంటలు.” వాదిరాజ లాప్‌టాప్ మాట మాత్రం నేను ఎత్తలేదు.

“ఏడు గంటలు యంత్రం ఆపుకొని కూసుంటమా? పైనుంచి ఒకటే ఫోన్లు. రెండు పదికి ఎక్కిస్తున్న, గంతే. మీకు ఆ పిల్ల మీద జాలి ఉంటే ఉండనీ, పని ఆపకుర్రి.”

ఆయన మొండితనానికి ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మంటలోనే ఒక ఉపాయం తట్టింది.

“సరే,” అన్నాను. “మీరే గెలిచారు. ఎక్కించండి.”

బిరాదార నన్ను అనుమానంగా చూశాడు. ఆయనకి నేను లొంగడం ఇదే మొదలు.

ఒంటిగంట ముప్ఫై ఎనిమిదికి అందరం బల్ల చుట్టూ చేరాం. ప్రేమలతని కూడా పిలిపించాను. దుగ్గప్ప గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాదిరాజ తన లాప్‌టాప్ తెరిచి సిద్ధంగా కూర్చున్నాడు. డ్రైవ్ నా చేతిసంచిలో ఉంది, ఎవరికీ కనపడకుండా.

“ఒక్కటే సందేహం వాదిరాజా,” అన్నాను సంచి మీద చెయ్యి వేసి. “ఈ దుగ్గప్ప చెయ్యి పెద్దది. కుంకుమ డ్రైవ్ మూతిలోకి పోయి ఉంటే నీ లాప్‌టాప్ పాడవుతుందేమో.”

వాదిరాజ తల కూడా ఎత్తలేదు. “పోదు మేడమ్. బొట్టు వెనకవైపు ఉంది కదా, మూతికి దూరంగా. తుడిచేసి పెడతాను, ఇవ్వండి.”

సంచిలోంచి కవరు తీసి, బొట్టు పైకి కనపడేలా బల్ల మీద పెట్టాను.

“దుగ్గప్ప పెట్టిన బొట్టు ఇదొక్కటే. కవరు మీద, ముందువైపు. వెనకవైపు అని నీకెవరు చెప్పారు?”

వాదిరాజ నవ్వాడు. “ఏదో అలవాటుకొద్దీ అన్నాను మేడమ్. పోయినేడు అలా ఉండేది.”

పట్టకారుతో డ్రైవ్‌ని కవర్లోంచి లాగి, వెనక్కి తిప్పి పెట్టాను. గంధం లేని ఎర్రబొట్టు. బిరాదార కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

“ప్రేమలతా,” అన్నాను, “నిన్న ప్రసాదం తీసుకుని వస్తుంటే గుమ్మంలో ఎవరు ఎదురుపడ్డారు?”

“వాదిరాజన్న. హోళిగె తిన్నావా అని అడిగాడు.”

“ఈ మాట ఇందాక నాకెందుకు చెప్పలేదు?”

“కొత్తవాళ్ల గురించే అడుగుతున్నారనుకున్నాను మేడమ్,” అంది బిత్తరపోయి. “వాదిరాజన్న కొత్తవాడెందుకవుతాడు?”

బిరాదార మెల్లగా వాదిరాజ వైపు తిరిగాడు. గొంతులో వేళాకోళం పోయింది. “నిన్న మంగళూరుల ఉన్న అన్నవ్ నాతోని. అత్తగారింట్ల పూజ అన్నవ్.”

వాదిరాజ లాప్‌టాప్ మూసేశాడు. దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. బిరాదార చిటికె వేయగానే ఇద్దరు కానిస్టేబుళ్లు వాడి వెనకాల వచ్చి నిలబడ్డారు. దుగ్గప్ప వెళ్లి ప్రేమలత తల మీద చెయ్యి పెట్టాడు. ఆ క్షణంలో నాకు చన్నవీరయ్య మొహం కళ్లముందు మెదిలింది.

“జీపు ఖాళీగ పోదు మేడమ్,” అన్నాడు బిరాదార గొంతు సవరించుకుని. క్షమాపణ అడగడం ఆయనకి అంతవరకే వచ్చు. నాకది చాలు.

“ఎవరికోసం చేశావురా?” అని వాదిరాజని అడిగాను.

“ఎవరికోసమో చెప్తే మీకు ఉపయోగం లేదు మేడమ్. ఎలా అని అడగండి.” వాడి గొంతు మర్యాదగానే ఉంది, ఎప్పటిలాగే. “మీ నియమాలు చాలా గొప్పవి. రాసింది రాసినట్టు జనం పాటిస్తారు. కొత్తగా తాళాలు పగలగొట్టాల్సిన పని ఎవరికీ లేదు. మీరు ఏం రాశారో చదివితే చాలు. టైమెంతైంది?”

“ఒకటి నలభై ఏడు,” అంది ప్రేమలత, అలవాటుగా.

“పన్నెండో నియమం గుర్తుందా మేడమ్? మీరు నాతోనే సాపు రాయించారు.”

గుర్తుంది. ఒక కేంద్రంలో యంత్రం ఆగడానికి కారణం తేలిందని ఇరవై నాలుగు గంటల్లో కాగితం అందకపోతే, ఆ గడువు తీరిన నిమిషానికి మిగిలిన ఎనిమిది కేంద్రాలూ తమ తమ ఇనప్పెట్టెలు తెరిచి, రిలేల అంకెలు కొత్తగా ఎక్కించుకోవాలి. రాసింది నేనే, ఒక చోట పట్టిన తెగులు ఇంకో చోటికి పాకకూడదని.

“ఆయుధపూజ ఇక్కడొక్కచోటే జరగలేదు కదా, పీట దగ్గరికి వెళ్లింది నేనొక్కణ్ణే కాదు,” అన్నాడు వాదిరాజ.

బిరాదార వాడి కాలరు పట్టుకున్నాడు. నేను అప్పటికే ఫోను దగ్గర ఉన్నాను. ఎనిమిది కేంద్రాలు. ఇరవై మూడు నిమిషాలు. ఒక్కో ఫోనుకి రెండు నిమిషాలు వేసుకున్నా సరిపోతుంది. మొదటి కేంద్రం రెండో రింగుకే ఎత్తింది.

“నళినాక్షి హెబ్బార్‌ని మాట్లాడుతున్నాను. పెన్ డ్రైవ్ బయటికి తీయొద్దు. రెండు పదికి ఏమీ ఎక్కించొద్దు. అది మీ డ్రైవ్ కాదు. వినపడుతోందా?”

అవతల కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత ఒక ఆపరేటరు గొంతు, ఎంతో జాగ్రత్తగా:

“వినపడుతోంది మేడమ్. గొంతు మీదే. కానీ పద్నాలుగో నియమం ఉంది కదా. ఇప్పుడు ఎవరి గొంతునైనా తయారుచెయ్యొచ్చు కాబట్టి, ఎక్కించడం ఆపమని ఫోన్లో ఎవరు చెప్పినా, అది నళినాక్షి మేడమ్ గొంతే అయినా సరే, వినకూడదు. రెండు సంతకాల కాగితం చేతికి అందాలి.”

“ఆ నియమం రాసింది నేనేనయ్యా.”

“అందుకే పాటిస్తున్నాం మేడమ్,” అని ఫోను పెట్టేశాడు.